తరుగు

నిన్న సాయంత్రమే బావిని గదిలో పెట్టి తాళమేశాను.
బావి అంటే జానెడు లోతు,
రూపాయి బిళ్ళ పట్టేంత నోరు.
లోపల నీళ్ళుండవు, గాలి.
రాత్రంతా ఆ గాలి
హన్మకొండ గాలితో సమానంగా చల్లబడాలి.
అప్పుడే నిజం చెబుతుంది.

పొద్దున ఏడింటికి ఓదెలు సీసం డబ్బా తెచ్చాడు.
కొత్త ఇరిడియం. బియ్యపు నూకంత.
తీగ కొసన అతికిన ఆ నూకకు
సర్టిఫికెట్ ఉంది, ముద్ర ఉంది,
ఎక్కడో ఎవరో కొలిచిన అంకె ఉంది.
"గదే రాసుకోరాదు మేడం" అంటాడు ప్రతిసారీ.
ప్రతిసారీ నేను మళ్ళీ తూస్తాను.

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల దడువాయి.
మిర్చి సీజన్‌లో ఇంటికొస్తే
ముందు మాకు తుమ్ములొచ్చేవి, వెనక ఆయన.
క్వింటాలుకు కిలో తరుగు తీసేవాళ్ళు అప్పుడు,
దుమ్మని, తేమని, తొడిమలని.
ఎవరి పేరు మీదనో ఎవరింటికో పోయేది ఆ కిలో.
ముల్లు ఆగేదాకా నాయిన మాట్లాడేవాడు కాదు.
ఆగినాక కూడా అంకె ఒక్కటే.

నా నూకకూ తరుగుంది.
రోజుకు నూటికి ఒకటి, కాస్త తక్కువ.
ఏ సేటూ తీయడు, దానంతటదే పోతుంది.
డెబ్బై నాలుగు రోజులకు సగం.
ఆదివారం లేదు, బంద్ లేదు, బతుకమ్మ సెలవు లేదు.

తలుపు మూసి బటన్ నొక్కాను.
గోడ అవతల తీగ నడిచింది,
బావిలోకి, చీమ నడకన.
కరెంటు ఎక్కువ పలికిన చోట ఆపి
ఐదుసార్లు రాసుకున్నాను.
వేడి ఇరవై నాలుగు పాయింట్ ఆరు.
గాలి బరువు చెప్పే పెట్టె
మొన్న స్టూలు మీంచి పడ్డప్పటి నుంచి మూగది.
ఫోన్ చూశాను: వెయ్యిన్నీ పన్నెండు.
లెక్క కట్టాను.
నూటికి మూడున్నర తక్కువ.

"ఐదు దాకా నడుస్తది గద మేడం,
బయట నలుగురున్నరు, పొద్దటి సంది పరిగడుపున."
నిజమే. అద్దంలోంచి కనిపిస్తోంది
బల్ల మీద శాయంపేట కొమురమ్మ,
ఒళ్ళో యూరియా సంచి, అందులో రిపోర్టులు.
తక్కువని రాస్తే యంత్రం నమ్ముతుంది.
నూకను ఆమె గర్భసంచి మూతి దగ్గర
ఇంకొన్ని సెకన్లు కూచోబెడుతుంది.
పక్కనే ఉన్న పేగుకు
ఆ సెకన్లు ఎవరి పొరపాటో తెలియదు.

మూడున్నర.
సోర్సు అబద్ధమా, బావి అబద్ధమా, నేనా?

చేతులు కడుక్కుంటుంటే తట్టింది.
ఫోన్ చెప్పింది సముద్రం ఒడ్డు గాలి.
ఏ ఊరినైనా సముద్రం దాకా దించి చెబుతుంది,
వానల లెక్క కోసం.
మనకు సముద్రమెక్కడిది?
ఈ రాతి గుట్టల నడుమ
తొమ్మిది వందల అడుగుల ఎత్తున పీలుస్తున్నాం.
నా బావి కూడా.

సుబేదారి కాలేజీ ల్యాబుకు ఫోన్ చేశాను.
గోడకింకా పాదరసం గొట్టముంది.
నరహరి సార్ కళ్ళద్దాలు వెతుక్కోవడానికి,
సన్న గీతలు చదవడానికి ఆరు నిమిషాలు.
"ఏడు వందల ముప్పై ఆరు" అని,
ఆగి, "ఉండమ్మా, మల్లోసారి చూస్త" అన్నాడు.
ఆ ఒక్క మాటకు నాయిన గుర్తొచ్చాడు.
ముప్పై ఆరే.
మళ్ళీ లెక్క.
తేడా నూటికి అర కూడా లేదు.

సంతకం పెట్టి బయటికొస్తే కొమురమ్మ అడిగింది,
"గింతసేపు ఏం తూసిండ్రు బిడ్డా?"
"నీ మందు, అవ్వా."
"తరుగు తీసిండ్రా?"
మిర్చి కోసిన చేతులు. గోళ్ళ సందుల్లో ఇంకా ఎరుపు.
"తీసిన. ఇయ్యాల్టిది ఇయ్యాల్నే."
సరేనన్నట్టు సంచి నాకిచ్చి లేచింది.

ఆమె బస్తాలు నాయిన కాంట ఎక్కాయో లేదో
అడుగుదామనుకున్నాను.
ఓదెలు అప్పటికే తలుపు తెరిచాడు.