నమూనా

పలాస నుంచి ప్యాసింజర్లో ఆమదాలవలస,
అక్కణ్ణుంచి ఎచ్చెర్ల దాకా ఆటో.
ఒళ్ళో ఎల్‌ఎల్‌ఎం రెండో ఏటి పుస్తకం,
అట్ట మీద జీడి మరక.

ఈ వారం పాఠం: ప్రమాదం ఎక్కడ చేతులు మారుతుంది?
పాతకాలం జవాబు అందంగా ఉంది,
ఓడ అంచు దగ్గర.
కొటోనూ రేవులో క్రేను పైకెత్తిన బస్తా
అంచుకి ఇవతల జారితే అమ్మినవాడి నష్టం,
అవతల పడితే కొన్నవాడిది.
గాల్లో వేలాడుతున్నంతసేపూ ఎవరిదన్నది
పరీక్షలో పది మార్కులకి అడుగుతారు.

సెలవుల్లో నేను కాశీబుగ్గ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను.
మొన్న దిగిన బెనిన్ సరుకు మెత్తబడింది.
కాగితంలో బస్తాకి నలభై ఏడు పౌన్ల పప్పు,
మేం కోసి చూస్తే నలభై ఒకటి.
ఓనరు కూర్మారావు గారు పిలిచి
"లా చదువుతున్నావు కదమ్మా,
ఇంగ్లీషులో ఘాటుగా ఓ ఉత్తరం కొట్టు" అన్నారు.

కొట్టాను.
బ్యాంకు అప్పటికే డబ్బు కట్టేసింది.
దానికి కాగితాలు కుదిరితే చాలు,
పిక్కని ఎన్నడూ కొరికి చూడదు.
వియన్నా ఒడంబడికలో బెనిన్ ఉంది, మనం లేం.
తగవు తీర్చేది లండన్లో ముగ్గురు.

తవిటమ్మ పడీ పడీ నవ్వింది.
"లండనా? సోంపేట కోర్టుకే బస్సు దొరకదు గదే గుంటా!"
గుప్పెడు పిక్కలు తీసి
చెవి దగ్గర గిలక్కాయలా ఆడించింది.
"ఎండబెట్టకుండానే మూటలు కట్టీసినారు.
ఇంటే తెల్దేటి?"
నేనూ విన్నాను. నాకేం తెలీలేదు.

ఆ రాత్రి సాక్షుల జాబితాలో
సర్వేయరు, ప్రయోగశాల, తూకం గుమస్తా,
ఆ కింద తవిటమ్మ,
జీడిపిక్కల నిపుణురాలు, ముప్పయ్యొక్క ఏళ్ళ అనుభవం.
వాంగ్మూలం తెలుగులో రాసి చదివి వినిపించాను.
"ముప్పైమూడు సెయ్యి" అంది,
"పెద్దోడు కడుపులో ఉన్నప్పుడూ కొట్టినాను."

సంతకం రాదు.
స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు ఒత్తి ఆనించింది.
నున్నటి నల్ల చుక్క. ఒక్క గీతా లేదు.
జీడి ఎప్పుడో తినేసింది.
"రేషను మిషనూ ఇంతే, పాడుది, నన్నెరగదు."
ఇంకో వేలు. ఇంకోటి. పదీ అయిపోయాయి.
కాగితం నిండా పది నల్ల పిక్కలు.

స్కాన్ చేసి లండన్ పంపాను,
అడుగున ఒక్క వాక్యం కలిపి:
పైన ఉన్నవి వేలిముద్రలే.