గోనెసంచి పందెం

నెల్లిమర్ల జూటుమిల్లు వెనక
పదకొండిళ్ల వీధి మాది.
మిల్లు కూత ఆగిపోయాక
పొద్దెప్పుడు పొడవాలో తెలీక
కొన్నాళ్లు ఆలస్యంగా లేచిన వీధి.

పందెం మొదలెట్టింది మజ్జి ఎర్నమ్మ.
మోకాల్దాకా నల్లనీళ్లలో నిలబడి
కాలవకి అడ్డంపడ్డ కవర్లని కర్రతో లాగుతూ
"ఓలమ్మ, నానెయ్యనేదు, నువ్వెయ్యనేదు,
మరైతే కాలవే కన్నాదేటే వీటిని?" అంది.
నవ్వేం.
నవ్వుతూనే ఎవరి కవరు వాళ్లం గుర్తుపట్టేం.

మండలం రోజులు అనుకున్నాం,
మాల వేసుకున్నవాళ్ల లెక్కన.
నల్లబట్టల్లేవు, ఇరుముడి లేదు.
బజారుకెళ్తే సంచి, చేపలకెళ్తే మూతగిన్నె,
బిందె నిండిన క్షణమే కొళాయి కట్టెయ్యాలి.
తప్పితే ఆ ఇంటి గుమ్మం పక్కన సుద్దగీత.
గీసే పని నాది,
ఏడో తరగతి దాకా చదివేనని.

మొదటివారానికే గోడలన్నీ
చాకలిపద్దుల్లా నిండిపోయాయి.
లచ్చుం ఉల్లిపాయలు కొంగున మూటకట్టి తెచ్చింది,
మజ్జిగ మాత్రం కవర్లో.
"కొంగులో మజ్జిగ మొయ్యమంటావేటే?"
అని నా మీదకే లేచింది.
గీసేను. రెండ్రోజులు మాటల్లేవు.
మూడోరోజు వాళ్ల అరుగు మీద
బోర్లించిన స్టీలు కేను ఆరుతోంది.

గౌరీసు గెడ్డం గీసుకుంటూ కొళాయి వదిలేస్తే
వాళ్లావిడ నా చేతిలో సుద్ద లాక్కుని
గోడ మీద కాదు, అతని చొక్కా వీపు మీద గీసింది.
చూసుకోకుండా అలాగే ఆటో ఎక్కి
విజయనగరం రెండు ట్రిప్పులు కొట్టొచ్చేడు.

సన్యాసప్పడు పందెంలో చేరలేదు.
ముప్ఫయ్యేళ్లు స్పిన్నింగులో చేసిన మనిషి,
దగ్గితే ఇప్పటికీ గోగునార వాసన.
"ఈ కవర్లే కదర్రా మా సంచుల్ని మింగీసినాయి"
ఒక్కసారే అన్నాడు, ఎవరికేసీ చూడకుండా.
మర్నాటి నుంచి అతని ముందు
పాత ధాన్యం గోనెలు, దబ్బనం, పురికొస.
పదకొండు సంచులు.
కొలతలడగలేదు.
ఎవరి చెయ్యి ఎంత పొడుగో
రోజూ కొళాయికాడ చూసేవాడికి తెలీదూ?
నా సంచికి పిడి కాస్త పొట్టి.

పంతొమ్మిదో రోజు వాన.
సంచి ఇంటిదగ్గర,
పిల్లాడి నోటుబుక్కులు నా చంకలో.
కొట్టువాడిచ్చిన కవరు కాదనలేకపోయేను.
తెచ్చి బియ్యం డబ్బా కింద దాచేను.
ఎవరూ చూడలేదు. సుద్దముక్క నా దగ్గరే ఉంది.
ఆ రాత్రి ఆ కవరు మీదే పడుకున్నట్టు
ఎటు ఒత్తిగిలినా గరగర.

తెల్లారి నా గుమ్మం దగ్గర నిలబడి
ఒక గీత గీసేను. చిన్నది.
వెనక నుంచి ఎర్నమ్మ:
"ఇంకాస్త పొడుగెయ్యే, నా కళ్లకి ఆనదు."

నలభై ఒకటో రోజు పరమాన్నం వండుకున్నాం.
గెలిచిందెవరో తేలలేదు.
తెల్లారగట్లే లచ్చుం తన గోడకి సున్నం కొట్టీసి
మిగిలింది పారబొయ్యడమెందుకని
మా అందరి గోడలకీ కొట్టీసింది.

కాలవ ఇంకా నల్లగానే ఉంది.
పై వీధుల కవర్లు కొట్టుకొస్తూనే ఉన్నాయి.
పాల పాకెట్లకి మాకు జవాబు దొరకనేలేదు.

నలభై రెండో రోజు
పందెం లేదు, సుద్ద లేదు.
ఉప్పు నిండుకుందని
చెప్పులు తొడుక్కుని గడప దాటేను.
వీధి మలుపు దాకా వెళ్లేక చూసుకుంటే
చేతిలో సంచి ఉంది.
మేకు మీంచి ఎప్పుడు తీసేనో
ఎంత తలచుకున్నా గుర్తుకి రాలేదు.