స్టాంపు అంటించిన నోట్లు

హొడొనీన్ బ్యాంకులో మూడో కౌంటరు నాది.
తొంభై మూడు, ఫిబ్రవరి. స్పాంజి ఆరిపోతే
నాలుకతోనే తడిపి
పాత నోటు మూలన కొత్త దేశాన్ని అంటిస్తున్నాను.
జిగురు చేదు.

"ఇక మన డబ్బు మన చేతిలో,
ఎవరి అప్పు వాళ్ళే తీర్చుకుంటారు"
అంటాడు మేనేజరు వ్రాటిస్లావ్.
నిజమే కావచ్చు.
ఈ నెల జీతం ఒకటో తారీఖునే పడింది.

నది అవతల, స్కలిత్సాలో మా అక్క ద్రహొమీరా.
నిన్నమొన్నటిదాకా సైకిలు మీద
పులియబెట్టిన క్యాబేజీ గిన్నె తెచ్చేది.
ఇప్పుడు వంతెన మీద మూత తీసి చూపించాలి.
"మాకూ ఓ జెండా వచ్చిందే" అంది, గర్వంగానే.
బావ పనిచేసే బేరింగుల ఫ్యాక్టరీ మాట మాత్రం ఎత్తలేదు.

వేరు కుంపటి పెట్టుకున్నాక
ఎవరి పొగ వాళ్ళ కళ్ళకే
అని సరిపెట్టుకుందామంటే
గాలి మొరావా ఒడ్డున ఆగదు కదా.

మమ్మల్నెవరూ ఓటు అడగలేదు.
అడిగి ఉంటే ఏమనేదాన్నో
నాకే తెలీదు.

సాయంత్రం లెక్క చూస్తే
ఒక వంద నోటు ఎక్కువొచ్చింది, స్టాంపు లేకుండా.
రెండుసార్లు లెక్కపెట్టి
సొరుగులో విడిగా పెట్టి
తాళం వేశాను.