సోమవారం తూకం

హార్బరులో ఐసు కరిగి
కాళ్ళ కింద ఎర్రగా పారుతోంది.
వంజరం తూస్తున్నాను.
పళ్ళెం అడుగున అతికించిన అయస్కాంతం
నాకూ త్రాసుకూ తప్ప ఎవరికీ తెలీదు.

నిన్న నా సాక్ష్యానికి
నాలుగుసార్లు ఆమెన్ అన్నారు.

పక్కన సలోమి పిన్ని గంపలో కానాగంతలు.
చూపు ఆనని ముసలాయనెవరో
వందనుకుని ఐదొందలిచ్చి పోయాడు.
పరిగెత్తింది పిన్ని,
మోకాళ్ళ నొప్పుల మనిషి,
పాత పోస్టాఫీసు బస్సు కదిలేలోగా,
పొలుసులంటిన చేతిలో ఆ నోటు పైకెత్తి.

ఈలోగా కాకులు రెండు చేపలు ఎత్తుకుపోయాయి.
ఆయాసంతో తిరిగొచ్చి
"నా గంపకేసి సూడనేదేట్రా?" అంది.
అంతే.
దేవుడి మాట ఒక్కటీ ఎత్తలేదు.

డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరగడం మొదలయ్యాక
జెట్టీ చివరిదాకా నడిచాను,
అయస్కాంతాన్ని నీళ్ళలో పారేద్దామని.
చేతులు మాత్రం కడుక్కున్నాను. రెండుసార్లు.

ఇంకా జేబులోనే ఉంది అది,
ఇనుప తాళంచెవిని కరుచుకుని.
లాగితే ఊడదు.
మా చర్చిది ఆ తాళం.
ఆదివారం పొద్దున్నే
అందరికంటే ముందు తలుపు తీసేది
నేనే.