కుక్క వచ్చే చోటు

ముప్పై రెండేళ్ళు రేడియోలో
తుఫాను హెచ్చరికలు చదివిన గొంతు నాది.
"మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు" అన్న మాట
ఎవరూ బెదిరిపోకుండా
ఎవరూ తేలిగ్గా తీసుకోకుండా
ఎలా పలకాలో తెలుసు.
రిటైరయ్యాక పిలిచి
వాద్యాల మధ్య నిలబడి పిల్లలకి
దయ గురించి కథ చెప్పమన్నారు.
దయని ఏ స్థాయిలో పలకాలో
ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

మొత్తం పద్దెనిమిది మంది.
నేవీ బ్యాండులో క్లారినెట్ ఊది వచ్చిన డేనియల్ మాస్టారు,
జ్ఞానాపురం చర్చి నుంచి నాలుగు వయొలిన్లు,
రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక చెల్లో,
దాని వెనక, దానికంటే పొట్టిగా కామేశ్వరి.
చివరి వరసలో నిలబడి డప్పు సన్యాసిరావు.
కుర్చీ వద్దన్నాడు.
మేమూ రెండోసారి అడగలేదు.

కథ చిన్నది.
జోడుగుళ్ళపాలెం ఇసకలో గుడ్డు పగిలి
తాబేలు పిల్ల బయటికొస్తుంది.
సముద్రంలోకి నడవాల్సింది
బీచ్ రోడ్డు దీపాలని చూసి వెన్నెలనుకుని
అటు తిరుగుతుంది.
వయొలిన్ తాబేలు పిల్ల.
క్లారినెట్ వెన్నెల.
చెల్లో, విసుక్కోకుండా పిలిచే సముద్రం.
డప్పు, కుక్క.
డప్పు మోగినప్పుడల్లా పిల్లలు
"పో! పో!" అని అరవాలి.
అదీ మేం కనిపెట్టిన దయ.

సిరిపురం హాల్లో మొదటి రోజు
కంచరపాలెం బడి, జాలరిపేట బడి.
అరిచారు.
పైన ఎక్కడో దూరిన పావురం
రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయేంత బాగా అరిచారు.
సన్యాసిరావు కర్రలు ఆపేవాడు.
అరుపు తగ్గేదాకా తల వంచుకునేవాడు.
మళ్ళీ వాయించేవాడు.
నొటేషన్‌లో అలాగే రాసి ఉంది.

పులిహోర పొట్లాలు పంచే దగ్గర
ఒక పిల్ల నా సంచీ పట్టి లాగింది.
పైడిరత్నం, నాలుగో తరగతి,
రెండు జడల్లో ఒకటి ఊడిపోయి.
"నానెందుకు అరవనేదో అడగరేటండి?"
అడిగాను.
"అది మా నాన్న డప్పండి."
పొట్లం విప్పి వేరుశనగ గింజలు ఏరుకుంటూ
నా వంక చూడకుండానే అంది:
"కుక్కకి మాత్రం ఆకలెయ్యదేటి?
దానికీ పిల్లలుంతాయి గదా."

"ఉత్త కథేనమ్మా" అనబోయాను.
ముప్పై రెండేళ్ళ గొంతు
ఆ రెండు మాటల దగ్గర ఆగిపోయింది.
ఎవరెవరి శవాల ముందో దారంతా వాయించి
వీధి చివరే నిలబడిపోయే మనిషిని
మొదటిసారి ఒక హాల్లోకి పిలిచి
నాలుగు వందల మంది పిల్లలచేత
పొమ్మనిపించాం.

ఆ రాత్రి రిహార్సల్లో పెద్ద గొడవ.
"మరి చెడ్డవాడెవరు కథలో?" అన్నాడు డేనియల్ మాస్టారు.
ఎవరి దగ్గరా జవాబు లేదు.
సన్యాసిరావు కర్రలు చంకలో పెట్టుకుని
చర్మం అంచు మీద ఒక్క వేలితో తట్టాడు.
ఆగాడు. ఇంకోసారి తట్టాడు.
"పస్తున్న కుక్క ఇలగ నడుత్తాదండి."

మర్నాడు గాజువాక పిల్లలు.
కుక్క వచ్చింది, ఒక్క వేలితో.
మూడో వరసలో ఒక కుర్రాడు "పో" అని
సగంలో నోరు మూసుకున్నాడు.
పక్కవాడి మొహం చూశాడు.
ఇక ఎవరూ అరవలేదు.

అక్కడ నేను చదవాల్సిన వాక్యం ఒకటుంది:
"పిల్లలూ, దయ అంటే..."
రేడియోలో నాలుగు సెకన్లు నిశ్శబ్దం వస్తే
మెమో ఇచ్చేవాళ్ళు.
నేను కాగితం మడిచి
ఇరవై దాకా లెక్కపెట్టాను.
హాలంతా ఆ వేలు ఎటు నడుస్తుందో వింటోంది.
తర్వాతెప్పుడో చెల్లో అందుకుంది.
తాబేలు నీళ్ళలోకి దిగింది.
కుక్క ఎటు వెళ్ళిందో కథలో లేదు.

ఆ రోజు చివరి వరసలో ఒక కుర్చీ ఉంది.
కామేశ్వరి తెచ్చి వేసిందట.
సన్యాసిరావు కూర్చోలేదు.
భుజం మీది తువ్వాలు మాత్రం
దాని మీద పెట్టుకున్నాడు.

పైడిరత్నం అది చూడలేదు.
వాళ్ళ బడి వంతు ముందు రోజే అయిపోయింది.