అదీ తంతాది

కళింగపట్నం రోడ్డు మీద
తెల్లారి నాలుగున్నరకి
నాకంటే ముందు నా కాళ్ల చప్పుడు వెళ్లేది.
ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర
నల్లకుక్క ఉలిక్కిపడి లేచి
సరుగుడు తోట దాకా తరిమి
ఇంత రొద చేసేది దొంగ కాదులే అని
తీర్మానించుకుని వెనక్కి పోయేది.

కానిస్టేబుల్ పరుగులో
పోయినసారి పదకొండు సెకన్లు పోయాయి.
పదకొండు సెకన్లంటే ఎంతని అమ్మ అడిగితే
చెప్పులు తొడుక్కునేంత సేపు అన్నాను.
"అయితే ఒట్టికాళ్లతో లగెత్తాల్సింది" అంది.

అప్పట్నుంచి
పెద్ద అడుగైతే పెద్ద దూరమని
కాలు ముందుకి విసిరాను,
గాలిలోంచి ఏదో లాక్కోవాలన్నట్టు.
మడమ ముందు పడేది, ఒళ్లు వెనక చేరేది.
బ్రేకు తొక్కుతూ బండి తోలుతున్నానని
నాకెవరు చెప్తారు?
ఎండలు ముదిరేసరికి
మోకాలి కింద ముందెముక పగబట్టింది.
వేలితో నొక్కితే పచ్చిపుండు.
ఆముదం, వేడి ఇసక మూట,
ఆర్‌ఎంపీ సూది, అన్నీ అయ్యాయి.

సూరాడ పారమ్మ
రేవు నుంచి మొదటి బస్సు దాకా
నెత్తళ్ల గంపతో పోతూ ఆగకుండానే అంది:
"ఓలే గుంటా,
నీ అడుగు సప్పుడు మా పాకలోకి ఇనబడతంది.
నేలని తంతన్నావు.
తంతే ఊరుకుంటాదేటి? అదీ తంతాది."

ఆమె వెనకే వెళ్లాను.
అది నడక కాదు, పరుగూ కాదు,
చేప మెత్తబడేలోపు బస్సు అందాలి, అంతే.
అడుగులు పొట్టివి, బేగి బేగి.
పాదం సరిగ్గా నడుం కిందే దిగేది,
గోడ మీంచి పిల్లి దిగినట్టు
మోకాలు కాస్త వంగి.
ఒళ్లు కుదిపితే
గంపలోంచి ఉప్పునీళ్లు మెడ మీద పడతాయి.
అరవై దాటిన ఆ మెడ
పొడిగా ఉంది.

మర్నాడు నా నెత్తిన
లేని గంప పెట్టుకున్నాను.
చెవుల దాకా లేచిన భుజాలు
దించడానికే పది రోజులు.
పిడికిళ్లు విప్పి చూస్తే
లోపల పదకొండు సెకన్లు నలిగి ఉన్నాయి.
చూపు కాళ్ల మీంచి తీసి
దూరంగా లైట్‌హౌస్ మీద పెట్టాను.
పది సెకన్లకి ఇరవై ఆరు అడుగులు,
ఇరవై ఎనిమిది,
లెక్క తప్పి మళ్లీ ఒకటి.
కొన్నాళ్లు పిక్కలు గోల పెట్టాయి.
మధ్యలో నడిచాను.
మిలటరీకి తయారయ్యే కుర్రాళ్లు దాటిపోతుంటే
చున్నీ సర్దుకుంటున్నట్టు నటించాను.

ఎముక ఇప్పుడు మాట్లాడ్డం లేదని చెబితే
పారమ్మ నవ్వింది.
"పరుగు గురించి నాకేటి తెలుసే?
గంప పడకూడదు, నాను పడకూడదు."
రాత్రిళ్లు ఆమె మోకాళ్లకి
కాపడం పెట్టాలని కోడలు చెప్పింది.
ఆ మాట
నా లెక్కలో ఎక్కడ రాసుకోవాలో
ఇంకా తెలీలేదు.

సెకన్లు ఎన్ని తగ్గాయో చూసుకోలేదు.
ఈ వారమంతా ఫోను ఇంట్లోనే.
ఇవాళ ఐసు ఫ్యాక్టరీ దాటాక
వెనక్కి తిరిగాను.
నల్లకుక్క
ఒక చెవి ఎత్తి
మళ్లీ దించుకుంది.