నాలుగో సంచిక

ఈసారి పదహారు పేజీలూ దేవదానానికి అప్పజెప్పాం.
సంపాదకులుగా మాకు మిగిలింది
పేజీల నంబర్లు వేయించడం, అప్పులు చేయడం.

బొమ్మలిస్తాడనుకుంటే
తెల్లకాగితం రీములు అడిగాడు.
ఆటోలో వేసుకెళ్లి, గుంటూరు మిర్చి యార్డులో
చీకటుండగానే
బస్తాలు దిగే దారంతా పరిచాడు.
"తొక్కండన్నా, ఏం కాదు" అన్నాడు.

మధ్యాహ్నానికి అవి తెల్లకాగితాలు కావు.
పగిలిన మడమలు, గోనె నేత,
తేజా కాయ ఎరుపు,
ఎవరో కాలు జారిన చోట పొడుగాటి గీత.

లాలాపేటలో బైండింగు సైదులు
ముక్కుకి తువ్వాలు కట్టుకుని
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య అడిగాడు:
"ఇందులో తప్పులేవి సార్, దిద్దడానికి?"
మూడొందల ప్రతులు.
ఏ రెండూ ఒకటి కాదు.

విశాఖ నుంచి ఒక చందాదారు కార్డు రాశాడు,
"విప్పగానే తుమ్మాను" అని.
అంతకు మించిన సమీక్ష మాకింతవరకూ రాలేదు.

ఆవిష్కరణ రోజు బ్రాడీపేట మేడ మీదికి
ముఠా కూలీ అంకమరావు వచ్చాడు.
ప్రతి తర్వాత ప్రతి తిరగేస్తూ
ఒకదాంట్లో పదకొండో పేజీ దగ్గర ఆగి
చెప్పు విడిచి
కాలు పక్కన పెట్టి చూసుకున్నాడు.
చీలికకి చీలిక సరిపోయింది.

"అచ్చేసినోడికి కూలిచ్చారంట.
అడుగేసినోడికో?"

దేవదానం నవ్వలేదు.
నేను లెక్కల పుస్తకం తీశాను.
అందులో ఆ గడి లేదు.
గీస్తున్నాను,
స్కేలు దొరక్క, వట్టి చేత్తో.